పెదనాన్నగారి ఫోర్డు కమాను

పురసవాక్కం వెళ్తున్నామని చెప్పగానే ఎవరైనా అడిగే మాట "ఏమి, ఇంట్లో పెళ్ళా?" అని. చీరలకూ నగలకూ గిన్నెలకూ ఆ హైరోడ్డు అంత పేరుబడ్డది. మేము ఈ తడవ వెళ్ళింది పెళ్ళికి కాదు. కాని ఒక పెళ్ళినాడు చెడిన పనిని చక్కబెట్టడానికే వెళ్ళాము గనుక, అడిగినవారిది బొత్తిగా తప్పని కూడా అనలేము.

మేము అంటే అన్నదమ్ములం ఇద్దరం. ఒకరి కాపురం అంబత్తూరులో, ఒకరిది బెంగుళూరులో. పురసవాక్కంలో వెళ్ళాళ వీధికి వెనకపాటున, ఒక కారు వస్తే మనుషులు గడపలెక్కి నిలబడవలసిన సందులో మా పెదనాన్నగారి ఇల్లు ఉన్నది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పెద్దమ్మగారు ఎనభై ఎనిమిదేళ్ళ వయస్సులో, ఎవరు పిలిచినా కదలకుండా, ఆ ఇంట్లోనే ఉన్నారు. పెరట్లో బావి పక్కన రేకుల షెడ్డు, ఆ షెడ్డులో 1930 నాటి ఫోర్డు మోడల్ ఏ కారు. వెనక ఎడమ వైపున ఇరుసు కింద చెక్కదిమ్మ. ఆ దిమ్మ 1969 మే నెలలో పెట్టినది.

ఎళుంబూరు స్టేషనులో దిగి వేపేరి మీదుగా డవటన్ మలుపు తిరిగితే పురసవాక్కం ఎంతో దూరం లేదు. కాని మేము వెళ్ళినది మెట్రో రైలు కోసం హైరోడ్డు తవ్విన రోజులలో గనుక, ఆటోవాడు మమ్మల్ని ఎన్ని సందులు తిప్పాడో చెప్పలేము. ఒకందుకు మంచిదే అయింది. చిన్నప్పుడు నడిచిన సందులన్నీ ఒకసారి మళ్ళీ చూశాము. మిద్దెల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి అరుగుల ఇళ్ళు ఇంకా మిగిలి ఉన్నవి. గంగాధరేశ్వరుని కోవెల వీధిలో పూలబుట్టలవాళ్ళు మా చిన్ననాటి చోటనే కూర్చున్నారు. మనుషులు మారినారు, బుట్టలు మారలేదు. ఆ కోవెలకు స్థలవృక్షం పురస చెట్టు, అంటే మన మోదుగ. ఊరికి పేరు దానివల్లనే వచ్చిందని చెప్పుదురు. 1693లో కుంపిణీవారి చేతికి వచ్చిన మూడు గ్రామాలలో ఇది ఒకటి. తక్కినవి ఎళుంబూరు, తండయారుపేట. మోదుగపూల ఊరు బట్టల ఊరు కావటానికి మూడు వందల ఏళ్ళు పట్టినదన్నమాట.

ఇక కారు సంగతి. ఫోర్డు కంపెనీవారు 1926లో మనదేశంలో శాఖ పెట్టి, బొంబాయి, కలకత్తా, చెన్నపట్నాలలో బండ్లు బిగించేవారు. భాగాలు కెనడా నుంచి ఓడలలో వచ్చేవి. 1927 డిసెంబరులో అమెరికాలో వెలువడిన మోడల్ ఏ 1931 దాకా సుమారు 48 లక్షలు తయారైనది. అందులో ఒకటి ఎవరెవరి చేతులో మారి, 1947లో మా పెదనాన్నగారి చేతికి వచ్చింది. కాన్వాసు టాపు, నాలుగు తలుపులు, ముదురాకుపచ్చ రంగు. ఆ కంపెనీ 1950ల నడుమ దేశం విడిచిపోయింది, 1990లలో మళ్ళీ వచ్చి మరైమలైనగరులో ఫ్యాక్టరీ కట్టింది, 2022లో అక్కడ కార్లు చెయ్యటం ఆపింది. ఈ రాకపోకలన్నిటికీ మా బండి పురసవాక్కంలో కదలకుండా ఉండి సాక్షి.

ఫోర్డుకు ఒక పట్టుదల ఉండేది. అందరూ బండికి పొడుగునా, చక్రానికొకటిగా కమాను కట్టలు పెడితే, ఆయన 1908 నాటి మోడల్ టీ మొదలు 1948 దాకా ముందొకటి, వెనకొకటి, అడ్డంగా పెట్టించాడు. ఎగుడుదిగుడు బాటలో ఒక చక్రం గోతిలో దిగితే రెండోది తన చోట తాను ఉంటుంది, ఛాసీ మెలిపడదు. మా పెదనాన్నగారు పంటలకూ పెళ్ళిళ్ళకూ నెల్లూరు పోయేవారు. గుమ్మిడిపూండి, సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు - ఆనాటి బాట తెలిసినవారికి ఈ పట్టుదల విలువ వేరే చెప్పనక్కరలేదు.

కమాను కట్ట మోటారుకు ముందే పుట్టింది. గుర్రబ్బండికి పట్టీ కమానులు తగిలించి ఇంగ్లండులో ఒబదయ్య ఎలియట్ అనే బండ్లవాడు 1800ల తొలి ఏళ్ళలో పేటెంటు పొందాడు. మన పట్నంలో సింప్సను కంపెనీ 1840లో మొదలైనది కూడా గుర్రబ్బండ్ల తయారీకే. 1903లో అదే కార్ఖానాలో శామ్యూల్ జాన్ గ్రీను అనే ఆయన ఆవిరితో నడిచే కారు చేసి రోడ్డెక్కించాడు. కోచి బండికి పట్టీలు చరిచిన చేతులే మోటారుకూ చరిచినవి. అందుకే ఈ పని మెకానిక్కులది సగం, కమ్మరులది సగం.

1969లో మా చిన్నత్తయ్య పెళ్ళి. పెళ్ళికి తొమ్మిది రోజులుందనగా నెల్లూరు నుంచి బియ్యపు మూటలూ ఇత్తడి సామానూ వేసుకొని వస్తుంటే, గూడూరు దాటాక వెనక కమానులో పెద్ద పట్టీ టప్పున విరిగింది. తాడు కట్టుకొని మెల్లగా ఇల్లు చేరారు. దగ్గరలోని ఒక కార్ఖానాలో పనిచేసే మేస్త్రి, ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి, మా ఇంటికి వాడుకగా వచ్చేవాడు. ఆయన కమాను దింపి, విరిగిన పట్టీ తీసి, కొత్తది చరిపించి తెచ్చాడు. మళ్ళీ ఎక్కించటమే మిగిలింది. అది పెళ్ళికి ముందు రోజు సాయంత్రం.

ఎక్కించటంలోనే ఉన్నది తిప్పలంతా. ఈ వెనక కమాను బోర్లించిన విల్లు వంటిది. నడుము ఛాసీకి బిగించి ఉంటుంది. రెండు కొసలలో పట్టీని చుట్టి చేసిన కన్నులుంటవి. ఇరుసుకు రెండు వైపులా నిలబడ్డ గూటాలకు ఆ కన్నులను షాకిళ్ళతో తగిలిస్తారు. బండి బరువు పడినప్పుడు విల్లు చదునై కొసలు బయటికి జరుగుతవి. కాని బరువు లేకుండా నేలమీద పడి ఉన్న కమానుకు కొసలు దగ్గర దగ్గరగా ఉంటవి, గూటాలకు అందవు. కొత్త పట్టీ వేసినదానికి వంపు నిండుగా ఉంటుంది గనుక మరీ అందవు. చూపుకు కొద్ది అంగుళాల కొరత, అంతే. కాని అది బండి వెనక సగాన్ని మొయ్యవలసిన ఉక్కు. ఆ కొద్ది అంగుళాలు సాగదియ్యటం శివధనుస్సు పనే.

దానికి ఒక సాధనం ఉన్నది. పొడుగాటి గట్టి గొట్టం, లోపల మందపాటి మర, రెండు కొసలలో కమాను కన్నులను లోపలి వైపునుంచి పట్టే కొక్కేలు. మర తిప్పేకొద్దీ గొట్టం పొడుగై కన్నులను చెరొక పక్కకూ నెడుతుంది. అల్లెతాడు విల్లు కొసలను లోపలికి లాగితే, ఇది అదే చోట నిలబడి బయటికి నెడుతుంది. ఫోర్డు ఏజెంట్ల కార్ఖానాలకు ఇటువంటి ప్రత్యేకపు పనిముట్లు చేసి ఇవ్వటమే వృత్తిగా అమెరికాలో కె. ఆర్. విల్సను అనే కంపెనీ ఉండేది. మేస్త్రి పనిచేసే చోట కూడా ఒకటి ఉండేదట. ఆ రోజు దాన్ని ఎవరో ఎరువు తీసుకుపోయారు, మరునాడు ఉదయానికి వస్తుంది.

"రేపు పొద్దున్నే వచ్చి పది గంటలకల్లా చేసేస్తానయ్యా" అన్నాడు మేస్త్రి.

"రేపు పది గంటలకు మగపెళ్ళివారు బీచి స్టేషనులో దిగుతారు. ఈ పూటే కావాలి" అన్నారు పెదనాన్నగారు.

ఆ మాట మేము విన్నాము. బడిపిల్లలం, షెడ్డు వాకిట్లో నిలబడి చూస్తున్నాము. మేస్త్రి కొడుకు, మాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడు, లాంతరు పట్టుకొని ఉన్నాడు. గొలుసు వేసి ఒకరు లాగారు, గడ్డపార పెట్టి ఒకరు మీటారు, మేస్త్రి షాకిలు దూర్చడానికి కుడిచెయ్యి లోపల పెట్టాడు. గడ్డపార జారింది. చూపుడు వేలూ మధ్యవేలూ పోయినవి.

పెళ్ళి జరిగింది. మగపెళ్ళివారు అద్దె కారులో వచ్చారు. ఆసుపత్రి ఖర్చు పెదనాన్నగారు పెట్టుకున్నారు, ఆ ఏడంతా వారింటికి బియ్యం పంపారు. కాని ఆ ఇంటికి తాము వెళ్ళలేదు, ఆయనను మళ్ళీ పిలవలేదు. ఆ కారు మీద ఎవరినీ చెయ్యి వెయ్యనియ్యలేదు. కోపం వల్ల అని ఆ రోజుల్లో అనుకున్నాము. ముఖం చెల్లక అని ఇప్పుడు తెలుస్తున్నది. విరిగిన పాత పట్టీని మాత్రం పెద్దమ్మగారు కమ్మరికిచ్చి కత్తిపీట చేయించారు. కమాను ఉక్కుకు పదును నిలుస్తుందని మనవాళ్ళకు తెలిసిన సంగతే. కొడవళ్ళకూ కత్తులకూ ఇప్పటికీ లారీ పట్టీలే వాడుతున్నారు. ఆ కత్తిపీట మీద తరిగిన కూరలు మేము యాభై ఏళ్ళుగా తింటున్నాము.

ఇన్నాళ్ళకు ఇప్పుడెందుకంటే, 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వంవారు పాత బండ్లకు ఒక నిబంధన తెచ్చారు. యాభై ఏళ్ళు దాటి, అసలు స్వరూపం చెడకుండా ఉన్న బండ్లకు "వి.ఏ." అనే అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. రోజూ తిరగటానికి కాదు, ప్రదర్శనలకూ పాతబండ్ల ర్యాలీలకూ మాత్రమే. మా వాళ్ళ పిల్లలు ఈ సంగతి పత్రికలో చదివి, తాతగారి కారు బయటికి తియ్యమని మమ్మల్ని వేధించారు. బయటికి తియ్యాలంటే ముందు నాలుగు చక్రాల మీద తిన్నగా నిలబడాలి గదా! చెక్కదిమ్మకు నంబరివ్వరు.

పెద్దమ్మగారు మొదట ఒప్పుకోలేదు.

"కావలిస్తే పాత ఇనుము కింద అమ్మెయ్యండి నాయనా. ఆ బండి కింద ఇంకొకడు చెయ్యి పెట్టడానికి వీల్లేదు. ఒక చెయ్యి చూశాను, చాలు" అన్నారు.

అమ్మటమా? పట్నంలో ఎవరూ ఆ మాట పైకి అనకపోయినా, దాని ఖరీదు ఎంతో మా ఇద్దరికీ తెలుసు. అయినా ఆమె మాటకు ఎదురు చెప్పడానికి మాకూ నోరు రాలేదు. సాధనం లేకుండా ఎవరినీ ముట్టుకోనియ్యము అని ఒట్టు పెట్టుకొని, పుదుప్పేట బయలుదేరాము.

పుదుప్పేట చూడనివారు ఒకసారి చూడవలసిన చోటు. ఎళుంబూరు దాటి కూవం ఒడ్డున, చచ్చిన బండ్ల అవయవాలన్నీ అక్కడ వేలాడుతూ ఉంటవి. తలుపులు ఒక కొట్లో, లాంతర్లు ఒక కొట్లో, గేరుపెట్టెలు ఒక కొట్లో. దేవుడు బండ్లను చేసేముందు ఇలాగే పరచుకొని కూర్చుంటాడేమో ననిపిస్తుంది. మేము నాలుగు కొట్లలో అడిగాము. కమాను చాపే మర అంటే ఒకరికీ తెలియలేదు. ఇప్పటి కార్లు చాలావాటికి చుట్ట స్ప్రింగులు. లారీలకు కట్టలున్నా పొడుగునా ఉంటవి, వాటికి ఈ సాధనంతో పని లేదు. ఒక కుర్రవాడు మాత్రం చాలా ధైర్యం చెప్పాడు. "సారు, నాలుగు గడ్డపారలు, ఇద్దరు మనుషులు, అరగంట పని. కుదరకపోతే గ్యాసు పెట్టి కోసి వేరే కట్ట కట్టేద్దాం" అన్నాడు. మంచి పనివాడే. అన్నం పెట్టే చేతులు వాడికీ రెండే ఉన్నవి. మేము నమస్కారం పెట్టి కదిలాము.

కొస కొట్లో ముసలాయన ఒకాయన మా మాటలు విని, తమిళంలో, "పురసవాక్కం నుంచి ఇంత దూరం వచ్చి అడుగుతున్నారా? చూళై పోయే దారిలో పాత బండ్ల మేస్త్రి ఉన్నాడు. వాళ్ళ నాన్నకు కుడిచేతికి మూడు వేళ్ళే" అన్నాడు.

మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము. ఇంటినుంచి ఆ షెడ్డుకు నడిచిపోతే పావుగంట.

మేస్త్రికి అరవై ఎనిమిది ఏళ్ళుంటవి. మేము ఎవరమో చెప్పుకోకముందే, "వెళ్ళాళ వీధి చిన్నయ్యలా?" అన్నాడు. ఆ షెడ్డు పది అడుగుల వెడల్పు. గోడకు మేకులు, మేకులకు పనిముట్లు. ఒక మూల ఆస్టిన్ కారు ముందు భాగం, దాని పక్క విప్పిన కమాను. వచ్చిన పని చెప్పాము. పెద్దమ్మగారన్న మాట కూడా దాచకుండా చెప్పాము. ఆయన లేచి, గోడమీద అన్నిటికంటె పైన, నూనె గుడ్డ చుట్టి ఉన్నదాన్ని స్టూలు వేసుకొని దింపాడు.

అది గజం కంటె పొడుగు ఉక్కు గొట్టం. ఒక లారీ జాకీలోని చదరపు మరను ఊడదీసి అందులో అమర్చారు. కొసల కొక్కేలు కమాను పట్టీలనే కాల్చి వంచి చేసినవి. ఒక్కొక్క కొక్కేనికి పైన ఒక చెవి, ఆ చెవిలో గొలుసు దూర్చడానికి రంధ్రం.

"దెబ్బ తగిలిన మరుసటి ఏడు నాన్న చేశాడు. ఎడమచేత్తో ఆకురాయి పట్టడం నేర్చుకొని చేశాడు. కంపెనీవాళ్ళ మరకు ఈ గొలుసు చెవులు లేవు, ఇవి నాన్న పెట్టినవి" అన్నాడు.

"ఎన్ని బండ్లకు వాడారు?" అని అడిగాము.

"అప్పట్లో ఫోర్డులు చాలా ఉండేవి. ముప్పై నలభై చేసి ఉంటాం. కాని కొలత మీ బండిదే. ఆ రాత్రి గూటాల మధ్య దూరం నాన్నకు మరపు రాలేదు. పెద్దయ్యగారు పిలుస్తారేమోనని చూసేవాడు" అన్నాడు.

మాకు ఏమి చెప్పాలో తోచలేదు. టీ తాగి వచ్చేశాము.

ఇంటికి వచ్చి చెపితే పెద్దమ్మగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ పిల్లవాడు భోజనానికి వస్తాడా అడగండి" అన్నారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఆమెకు ఇంకా లాంతరు పట్టుకున్న పిల్లవాడే.

పని మూడు రోజులు పట్టింది. మొదటి రోజంతా తుప్పుతోనే సరిపోయింది. ముందు చక్రాలకు అడ్డం పెట్టి, వెనక ఛాసీని జాకీతో ఎత్తి, దాని కింద తుమ్మ దిమ్మలు నాలుగు పేర్చి, అప్పుడు గాని మేస్త్రి లోపలికి దూరలేదు. జాకీ ఎత్తడానికేగాని నిలపడానికి కాదని ఆయన ఒక పదిసార్లైనా అని ఉంటాడు. నడుము దగ్గరి యు బోల్టులు కిరసనాయిలుతో తడిపి తడిపి విప్పి, కమానును కిందికి దింపారు. పది పట్టీలు, యాభై అయిదేళ్ళ తుప్పుతో కలిసి ఒకే దిమ్మ అయిపోయినవి.

పట్టీలను ఊరికే విప్పకూడదు. అన్నిటినీ కలిపి నడుమ ఒక బోల్టు ఉంటుంది. ఒక్కొక్క పట్టీ వంపు ఒక్కొక్క తీరు గనుక, ఆ బోల్టు ఒత్తిడిలో ఉంటుంది. నట్టు ఊడదీస్తే కట్ట విచ్చుకొని ముఖానికి తగులుతుంది. మేస్త్రి కట్టను రెండు చోట్ల బిగింపు పట్టకార్లతో పట్టి, ఆ బోల్టు తీసి, దాని చోట మూర పొడుగు మరకడ్డీ దూర్చి, దానికి నట్టు పెట్టి, పట్టకార్లు వదిలి, అప్పుడు ఆ నట్టును చుట్టు చుట్టుగా వదులు చేశాడు. కట్ట తామరమొగ్గలాగా మెల్లగా విచ్చింది. ఉక్కు అంత నెమ్మదిగా కదలటం మేము ఎన్నడూ చూడలేదు.

ఒక్కొక్క పట్టీ కొస తన కిందిదాన్ని రాసి రాసి గాడి చేస్తుంది. ఆ గాళ్ళను ఆకురాతితో సాపు చేసి, వైరు బ్రష్షుతో తుప్పు గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, గ్రాఫైటు కలిపిన గ్రీజు పూసి, రెండో రోజు సాయంత్రానికి కట్ట మళ్ళీ కూర్చారు. పాతకాలపు డ్రైవర్లు ఇంజనులోంచి తీసిన నల్లనూనె పైన పోసేవారు. అది దుమ్ము పట్టి ఇంకా చెడుపు చేస్తుందని మేస్త్రి అభిప్రాయం.

ఇక్కడ రెండో సాధనం సంగతి చెప్పాలి, పేరు ఒకటే అయినా పని వేరు గనుక. కమాను మొత్తం దింపకుండానే పట్టీకీ పట్టీకీ మధ్య సందు చేసి గ్రీజు పెట్టడానికి అరచెయ్యంత కొంకి బిగింపు ఒకటి ఉంటుంది. దానికి ఉలి అంచు వంటి రెండు పెదవులు. చక్రం గాలిలో ఉండేటట్లు ఛాసీని ఎత్తితే పట్టీల మీద బరువు తగ్గుతుంది. అప్పుడు ఆ పెదవులను సందులో పెట్టి మర బిగిస్తే, పట్టీలు అట్టముక్క మందాన విడతవి, అందులో గ్రీజు పాముతారు. కిర్రు కిర్రు మనే పాత కారు ఇంట్లో ఉన్నవారెవరైనా పెద్ద ఖర్చు లేకుండా చేయించుకోదగిన పని ఇది. ఉలీ సుత్తీ పెట్టి కొట్టవద్దు, పట్టీ అంచున నొక్కు పడితే పగులు అక్కడే మొదలవుతుంది. మరీ ఎక్కువ గ్రీజు కూడా కొన్ని బండ్లకు పనికిరాదు. పట్టీల రాపిడే ఊపును ఆపుతుంది, అది పోతే బండి ఊయల అవుతుంది. మోడల్ ఏ కారుకు వేరే నూనె షాకబ్జార్బర్లు ఉన్నవి గనుక మాకు ఆ భయం లేదన్నాడు మేస్త్రి. మా ముందు కమాను ఈ పద్ధతిని సగం వరకే లొంగింది. రెండు పట్టీలు విడనే లేదు. అదికూడా దింపవలసిందే.

మూడో రోజు ఎక్కించటం. పెద్దమ్మగారు షెడ్డుకు ఎదురుగా కుర్చీ వేయించుకొని కూర్చున్నారు. వద్దన్నా వినలేదు. కమాను నడుమును ఛాసీకి బిగించి, కుడివైపు షాకిలు తగిలించారు. ఎడమ కన్ను గూటానికి మూడు అంగుళాల ఎడంలో నిలబడింది. మేస్త్రి మరను కొక్కేలలో కూర్చోబెట్టి, గొలుసును చెవులలో దూర్చి కమాను చుట్టూ రెండు చుట్లు తిప్పి బిగించాడు. మమ్మల్ని మర వరుసన నిలబడవద్దని, పక్కకు జరగమని చెప్పాడు. ఆయన మనుమడు స్పానరు పట్టాడు. పాలిటెక్నిక్కులో చదువుతున్న కుర్రవాడు, సెలవని వచ్చాడు.

పావు చుట్టు తిప్పటం, ఆగి చూడటం. పావు చుట్టు, ఆగటం. రెండు అంగుళాలు దగ్గరైంది. అప్పుడు ఎడమ కొక్కెం కన్ను మీద జారింది. ధన్ మని చప్పుడు, గొలుసు బిగుసుకొని ఖణేలు మన్నది, గొట్టం అరంగుళం పక్కకు దూకి గొలుసులో వేలాడింది. ఎవరి చెయ్యీ లోపల లేదు. షెడ్డులో ఊపిరి పీల్చిన అలికిడి కూడా లేదు. మేము పెద్దమ్మగారి వంక చూశాము. ఆమె లేచి నిలబడి ఉన్నారు.

"ఏమయింది?" అన్నారు.

"జారిందమ్మా. గొలుసు పట్టుకుంది" అన్నాడు మేస్త్రి.

"చేతులు?"

మేస్త్రి తన రెండు చేతులూ, మనుమడి రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. ఆమె ఒకటి రెండు అని లెక్కపెట్టినట్లు చూసి కూర్చున్నారు.

మర పూర్తిగా వెనక్కు తిప్పి, కొక్కెం కన్నులో గ్రీజు తుడిచి - మేము పూసిన గ్రీజే అక్కడికి కారి జారుడు చేసింది - ఆకురాతితో కొక్కెం కొస కాస్త గరుకు చేసి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. ఈ తడవ గంట పట్టింది. కన్నూ గూటమూ ఎదురెదురు అయినవి. మేస్త్రి షాకిలును చేత్తో కాదు, పొడుగు పట్టకారుతో పట్టి దూర్చాడు. నట్లు బిగించి కాటరు పిన్నులు వేశాడు. తరువాత మరను వెనక్కు తిప్పుతుంటే బరువు మెల్లమెల్లగా షాకిళ్ళ మీదికి మారింది. దిమ్మలు ఒక్కొక్కటే తీశారు. చివరికి 1969 నాటి చెక్కదిమ్మ. అది మట్టిలో దిగబడి ఉన్నది. గడ్డపార పెట్టి తవ్వవలసి వచ్చింది. ఆ రోజు గడ్డపారతో అంతవరకే పని.

బండి నాలుగు చక్రాల మీద నిలబడింది. టైర్లలో గాలి లేదు గనుక కొంచెం కుంగినట్లున్నా, తిన్నగా నిలబడింది. పెద్దమ్మగారు దగ్గరికి వచ్చి మేస్త్రి కుడిచెయ్యి పట్టుకొని, "మీ నాయన దగ్గరికి మేము రావలసింది. రాలేదు" అన్నారు. మేస్త్రి తల వంచుకొని, "పోనీండమ్మా, పోనీండి" అన్నాడు. తరువాత అందరం భోజనానికి లేచాము. కందిపచ్చడి, ములక్కాడల పులుసు. వడ్డించేటప్పుడు మేస్త్రి కంటికి వంటింటి మూలనున్న కత్తిపీట కనబడింది. అడక్కుండానే గుర్తుపట్టాడు. "అది కమాను ఉక్కే గదా" అన్నాడు. ఏ కమానో పెద్దమ్మగారే చెప్పారు.

సాయంకాలం లెక్క చూసుకుంటే మొదటి రెండు రోజుల కూలి, గ్రీజు, కిరసనాయిలు, కొత్త బోల్టులు వ్రాశాడు. మూడో రోజు వ్రాయలేదు. మేము అడిగితే విననట్లు మనుమడిని సామాను సర్దమన్నాడు. మనుమడికి ఇచ్చాము, వాడు తాతవంక చూసి తీసుకున్నాడు.

నూనె గుడ్డ చుట్టి ఆ మరను మా షెడ్డు గోడకే మేకు కొట్టి తగిలించి పోయాడు. ముందు కమాను దింపవలసి ఉన్నది, వానలు వెలిసి తై నెల వచ్చాక చేద్దామన్నాడు. బ్రేకులు కడ్డీలతో నడిచేవి, అవి పట్టేసినవి. 19 అంగుళాల చక్రాలకు టైర్లు ఎక్కడ దొరుకుతవో వెతకాలి. ఇంజను ఇంకా తిప్పి చూడలేదు.